నేను అద్దాలు బిగించిన బిల్డింగ్ నాకే దొరకలేదు

పది నెలల పనికి ముంబై వస్తావా రావా, ఆదివారం సాయంత్రంలోగా చెప్పమన్నాడు మా మేస్త్రీ. ఎత్తైన బిల్డింగులకు అద్దాలు బిగించడం నా పని. ఆరేళ్లలో బెంగళూరు, ముంబై, హైదరాబాద్ మూడూ తిరిగాను. ఇక్కడ హైదరాబాద్ కోకాపేటలోనూ ఒక పని ఉంది, కూలి కాస్త తక్కువ. ఎటు పోవాలో తేలక బుర్ర వేడెక్కింది. మామిడిపల్లిలో ఆకుకూరలు పండించే మా అక్క యాదమ్మ దాని మీద ఇంకో పుల్ల వేసింది. "ఆడ గవే అద్దాలు, ఈడ గవే అద్దాలు. ఫరక్ ఏందిరా?" చూపిస్తా పద అన్నాను కోపంగా. ఆ తేడా ఏంటో నాకూ తెలియదని మాత్రం చెప్పలేదు.

ఆదివారం పొద్దున ఆరింటికి మామిడిపల్లి నుంచి బైకు మీద బయలుదేరాం. రెండు వందల పెట్రోలు రానూపోనూ సరిపోయింది. శంషాబాద్ దగ్గర అక్క తల పైకెత్తి, "విమానాలు దిగే ఊర్ల ఒక్క పెద్ద బిల్డింగ్ లేదేందిరా?" అంది. విమానాలు దిగుతాయి కాబట్టే కట్టనివ్వరని చెప్పాను. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వరు కనుక పక్కనున్న సర్వీసు రోడ్డు పట్టుకుని, నార్సింగి మీదుగా ఏడున్నరకల్లా ఖాజాగూడ గుట్ట కిందికి చేరాం. ఎక్కడానికి టికెట్ లేదు. చెప్పులు జారేవైతే మాత్రం ఎక్కకండి.

పైన బండల మీద నిలబడితే పడమటి వైపు టవర్లన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. ఫోన్లో పాత ఫోటోలు తీసి అక్కకు పాఠం మొదలుపెట్టాను. ముంబైలో సముద్రం పక్కనుంచి చూస్తే టవర్లు పలచటి పాలలో ముంచినట్టుంటాయి, వాటి కాళ్ల దగ్గర రేకుల ఇళ్లుంటాయి. బెంగళూరులో చెట్ల మీంచి తలలు మాత్రమే కనిపిస్తాయి. ఇక్కడ బండ, బండ పక్కనే అద్దం, మధ్యలో ఏమీ ఉండదు. ఇంత చెప్పాక అక్క నా చేతిలో ఫోను లాక్కుని రెండు ఫోటోలు ముందుకీ వెనక్కీ జరిపింది. "ఇగ చెప్పు, ఇది ముంబయా, బెంగులూరా?" దగ్గర నుంచి తీసిన ఫోటో. చెట్లూ లేవు, సముద్రమూ లేదు. గుర్తుపట్టే ఆనవాలే లేదు.

ఉక్రోషంతో ఎదురుగా ఉన్న నీలం టవర్ చూపించి, "అదో, అది నేను చేసిందే. మూడేండ్ల కింద, ఇరవై రెండో అంతస్తు" అన్నాను. పక్కన వాకింగ్ వాళ్లకు ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాయన నవ్వాడు.

"దాని మీద నీలం కవరే ఇంక తియ్యలె తమ్మీ. మొన్న మొన్ననే బిగించిన్రు. నువ్వు మూడేండ్ల కిందనే చేసినవా?"

"సదువుకోక ముందే పాసైండన్నా మా తమ్ముడు" అంది అక్క.

సిగ్గుతో చెవులు కాలాయి. మేం అద్దం బిగించేటప్పుడు గీతలు పడకుండా దాని మీద నీలం ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది ఒలిచేనాటికి మమ్మల్ని ఇంకో సైటుకు తోలేస్తారు. బిల్డింగ్ అసలు రంగు మాకు తెలియదు. నేను వెతికింది ఆ పొరను. టీ పదిహేను రూపాయలు.

అక్క ఇంక ఎగతాళి చేయలేదు. "పనిల ఉన్నప్పుడు పొద్దుగాల ఎండ ఏడ కొట్టేదిరా?"

"మొఖం మీద. లోపట నిలబడే బిగిస్తం గదా."

"ఎదురుంగ ఏం కానొచ్చేది?"

"గుట్ట. ఒకదాని మీదొకటి రెండు గుండ్లు."

"మరి గా గుండ్ల కాడికే పోయి చూడు. నీకు అవి కానొస్తే, వాటికి నువ్వు కానరావా?"

ఆ రెండు బండరాళ్లు ఈ గుట్టకే అవతలి కొసన ఉన్నాయి, వెళ్లి వాటి పక్కన నిలబడ్డాను. సూటిగా ఎదురుగా, రెండు పెద్ద టవర్ల సందులో ఇరుక్కుని, బూడిదరంగులో ఒక సన్నటి బిల్డింగ్. కింది నుంచి లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. పైనుంచి మూడో వరుస నాది. అక్క తనూ వేలితో వరుసలు లెక్కపెట్టి చూసి, "మంచిగనే బిగించినవ్" అంది.

తిరుగు దారిలో అత్తాపూర్‌లో ఫ్లైఓవర్ స్తంభాల నీడన ఆగినప్పుడు మేస్త్రీ ఫోన్ చేశాడు. "ముంబైలో సైటు ఏ దిక్కుకు ఉందన్నా, ఎదురుగా ఏముంటుంది?" అని అడిగాను. "ఏదుంటే ఏందిరా, అద్దం అద్దమే కదా" అన్నాడు. రానన్నాను, కోకాపేటలోనే చేసుకుంటానన్నాను. మొండోడివని తిట్టి పెట్టేశాడు.

సరైన పని చేశానో లేదో ఇది రాస్తున్నప్పుడూ తెలియదు. ఏ ఊరి టవర్లు గొప్పవని అడిగితే ఇప్పటికీ తడబడతాను. దగ్గరికి పోతే మూడూ ఒకటే, దూరం జరిగితే మూడూ వేరు. మాలాంటి వాళ్లను దూరం జరిగి చూడనిచ్చేవాడే లేడు, నా కోపమంతా అదే. కోకాపేట పని అయ్యాక, ఆ పొర ఒలిచిన రోజు సొంతంగా సెలవు పెట్టుకుని అక్కను మళ్లీ ఈ గుట్టకే తీసుకొస్తాను. మీరు వెళ్లాలనుకుంటే తొమ్మిదిలోపే గుట్ట ఎక్కండి. అప్పుడు ఎండ మీ వీపు మీద ఉంటుంది, అంతస్తులు లెక్కపెట్టుకోవచ్చు. మధ్యాహ్నం దాటితే సూర్యుడు ఎదురుకు వస్తాడు, అన్ని బిల్డింగులూ నల్లగా ఒకేలా కనిపిస్తాయి.