కోడి మాట కోసం ఆగిన జిన్ను బట్టీ

"వదినా, ఎల్లుండి మన కంపెనీ సంగతి కోడి తేలుస్తది. జల్దీ వచ్చెయ్" అని మా ఆడపడుచు స్వరూప ఫోన్ చేసింది. కల్లూరు దగ్గర జిన్ను అనే మందు కాచే బట్టీ నడుపుతుంది ఆమె. పొద్దున్నే సొంత సరుకు రుచి చూసిందేమో అనుకున్నాను.

తర్వాత నిమ్మళంగా చెప్పింది. ఆమె జిన్నుకు ప్రాణం ఇప్పపువ్వు. ఇన్నాళ్లూ సంతలో వ్యాపారుల దగ్గర పాత ఎండుపువ్వు కొనేది. హైదరాబాదు బార్లలో గిరాకీ పెరిగేసరికి ఉన్నదంతా ఊడ్చి రెండో బట్టీ తెచ్చి పెట్టింది. దానికి మంచి పువ్వు చర్ల అవతల ఒక కోయగూడెంలో ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది గూడెంవాళ్లు ఇప్పపూల పండగనాడు దేవతను అడుగుతారట. పండగ అయ్యేదాకా కొత్త పువ్వు ఎవరూ ఏరరు, అమ్మరు. అడగవచ్చినవాళ్లు తమ కోడిని తామే తెచ్చుకోవాలి. దేవత ముందు పోసిన బియ్యాన్ని ఆ కోడి పొడిస్తే సరేనన్నట్టు. పొడవకపోతే కొత్త బట్టీ చల్లగా పడి ఉండాల్సిందే.

ఈ చోద్యం చూడకపోతే బతికి దండగ అనుకుని బడికి రెండు రోజులు సెలవు పెట్టాను.

ఆరింటికి ఖమ్మంలో సత్తుపల్లి బస్సెక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే సరిపోయింది. పక్క సీటులో మిరపకాయల సంచి ఒళ్లో పెట్టుకున్న పెద్దమ్మ ఎక్కడికని అడిగింది. మందు తయారుచేసే చోటికని చెప్పాను.

"పంతులమ్మ లెక్క ఉన్నవ్, నీకేం పొయ్యేకాలం బిడ్డా!" అని జరిగి కూర్చుంది. తల్లాడ దాటాక మళ్లీ దగ్గరకు జరిగింది. "నడుం నొప్పికి గిట్ల పనిచేస్తదా?"

ఏడున్నరకు కల్లూరులో దిగితే స్వరూప కారు తెచ్చింది. బట్టీ ఉన్నది పాత రైసుమిల్లులో. లోపల రెండు రాగి బట్టీలు, ఒకటి మసిబారి, ఒకటి తళతళలాడుతూ. డబ్బాల్లో ధనియాలు, నారింజ తొక్కలు, సుగంధి వేర్లు, ఎండిన మారేడు ముక్కలు. జూనిపర్ అనే నల్లటి కాయలు మాత్రం పరదేశం నుంచి రావాలి, అవి లేకపోతే జిన్ను అనరట. చెంచాడు నాలుక మీద పోసుకున్నాను. ముందు నారింజ వాసన, ఆ వెంటనే గొంతులో మంట, దగ్గు తగ్గాక ఎక్కడో ఇప్పపువ్వు తీపి. ఓరి నాయనో, ఏం ఘాటు!

"మొదట్లో బార్లకు సీసాలు పట్టుకుపోతే, అడవి సారాకు ఇంత సోకా అని నవ్విన్రు వదినా. ఇప్పుడు వాళ్లే ఫోన్ జేస్తున్రు" అంది. ఆ మాట అంటూ కొత్త బట్టీని చీరకొంగుతో తుడిచింది. అది అప్పటికే అద్దంలా ఉంది.

తొమ్మిదింటికి బయల్దేరాం. వెనక సీటులో బుట్ట, బుట్టలో ఎర్ర పెట్ట. అది కొక్కొక్కొ అన్నప్పుడల్లా స్వరూప కారాపింది. సత్తుపల్లిలో నూకలు, దమ్మపేటలో బిస్కెట్లు.

"మన జాతకం దాని ముక్కులో ఉంది. మంచిగ చూసుకోవాలె" అనేది.

"అల్లుడికి కూడా ఇంత మర్యాద ఉండదే తల్లీ" అన్నాను.

గోదావరి వంతెన దాటి భద్రాచలంలో భోంచేశాం. వేడన్నం, పప్పుచారు, వంకాయ కూర, అడిగినన్నిసార్లు మజ్జిగ. బండిలో దేవతకని పెట్టుకున్న జిన్ను సీసాలున్నాయని గుడికి బయటినుంచే దండం పెట్టుకున్నాం. కోడికి ఇడ్లీ పార్సిల్. చర్ల దగ్గర పోలీసు క్యాంపులో బండి తనిఖీ చేసిన కానిస్టేబులు బుట్టలోకి తొంగిచూసి, "ఈ మేడమ్ ఏ ఊరు?" అన్నాడు. ఆ తర్వాత రోడ్డు గురించి చెప్పకపోవడమే మేలు. నడుం పట్టీ ఉన్నవాళ్లు పెట్టుకుని వెళ్లండి.

మూడింటికి గూడెం చేరాం. డోలు మోగుతోంది. పువ్వు ఏరే ఆడవాళ్లకు పెద్ద దిక్కు కన్నమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. పూజ చేసేవాణ్ని అక్కడ వడ్డె అంటారు, ముసలాయన. ఆయన దేవత ముందు బియ్యం పోసి, స్వరూప సీసాలోంచి నాలుగు చుక్కలు నేల మీద వదిలి, కోడిని దింపాడు.

కోడి బియ్యం వంక చూసింది. ఆవులించినట్టు నోరు తెరిచింది. ఒక కాలు ముడుచుకుని కళ్లు మూసుకుంది.

డోలు ఆగిపోయింది. స్వరూప నా చెయ్యి పట్టుకుంది, ఆ పట్టుకు నా గాజు చిట్లింది. మూడేళ్ల కష్టం ఆ గింజల ముందు నిలబడి ఉంది. నాకు ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు.

వడ్డె వంగి కోడి మెడ కింద సంచిని నిమిరాడు. "దీనికేం పెట్టినవ్ బిడ్డా?"

"నూకలు... బిస్కెట్లు... రెండు ఇడ్లీలు" అంది స్వరూప నేల చూస్తూ.

"కడుపు నిండిన కోడి ఏం మాట చెప్తది!" అన్నాడాయన. గూడెం గూడెమంతా పగలబడి నవ్వింది. వేరే కోడి పనికిరాదట. దీనికి ఆకలేసేదాకా ఆగాలి.

ఆగాం. ఆడవాళ్లు చుట్టూ చేరారు. తమ పువ్వుతో జిన్ను కాస్తారని విన్నారు గానీ, ఎప్పుడూ రుచి చూసినవాళ్లు కారు. స్వరూప అందరికీ ఆకు దొప్పల్లో పోసింది. వాళ్లు వాళ్ల ఇప్పసారా మాకు పోశారు. నేను వాసన చూసి పక్కనపెట్టానని చెప్తే మా హెడ్మాస్టరు నమ్ముతాడు, మీరు కూడా నమ్మండి.

కన్నమ్మ మాత్రం తాగలేదు. "పువ్వు మాకు తిండి, మాకు పండగ. అమ్ముకుంట పోతే మాకేం మిగులుతది?" అంది.

స్వరూప సీసా కింద పెట్టింది. "మీ ఇళ్లల్లకు ఎంత గావాల్నో ముందుగల తీసుకోండ్రి. మిగిలితెనే నాకియ్యండ్రి. మిగలకుంటే కొత్త బట్టీ ఖాళీగనే ఉంటది."

కన్నమ్మ ఆమె మొహంలోకి చూసి, దొప్ప ఎత్తి గుటక వేసింది. "అవ్, మా పువ్వే" అంది.

పొద్దు వాలుతుండగా కోడి లేచింది. రెక్కలు దులిపి, దేవత ముందుకు నడిచి టకటకా పొడవడం మొదలుపెట్టింది. డోలు ఒక్కసారి మోగింది! స్వరూప ఎగిరి గంతేసి ఆడవాళ్ల వరసలో చేతులు కలిపి ఆడింది. నేనూ ఆడాను, మోకాళ్లు మర్నాడు గుర్తుచేశాయి. మాట చెప్పిన కోడి దేవతకు చెల్లాలి కాబట్టి రాత్రికి కూర అయింది. స్వరూప కళ్లు తుడుచుకుంటూ రెండుసార్లు వడ్డించుకుంది.

కన్నమ్మ ఇంట్లోనే పడుకున్నాం. తెల్లవారుజామున చెట్ల కింద పచ్చగా రాలిన పువ్వు అందరితో కలిసి ఏరాం. కారు దగ్గరకొచ్చేసరికి ముందు సీటులో కన్నమ్మ, వెనక ముగ్గురు ఆడవాళ్లు, ఒళ్లో గంపలు.

"మా పువ్వు ఏడికి పోతదో, ఎట్ల కాగుతదో చూడాలె గద!" అంది కన్నమ్మ. నా సీటు పోయింది. నన్ను గంపల మధ్య ఇరికించి చర్ల దాకా తెచ్చి, బస్టాండులో దింపి తుర్రుమన్నారు.

పదింటి భద్రాచలం బస్సులో కిటికీ పక్కన కూర్చుని స్వరూపను మనసారా తిట్టుకున్నాను. టీ కోసం ఎక్కడో ఆగినట్టున్నారు, పర్ణశాల మలుపు దగ్గర ఆ కారే మా బస్సును దాటింది. కిటికీల్లోంచి చేతులు బయటికొచ్చాయి, ఒకటే కేకలు, నవ్వులు. నేనూ కిటికీలోంచి సగం బయటికి వంగి చెయ్యి ఊపాను.

"పడిపోతవ్ అమ్మా! ఎవరు వాళ్లు?" అన్నాడు కండక్టరు.

"జిన్ను కంపెనీవాళ్లు" అన్నాను.