చింతపండుతో తోమిన నాణెం

రెండు వేల ఏళ్లకు పైగా ఎవరూ తోమని నాణేన్ని మా అమ్మ ఒక్క పూటలో తోమి పారేసింది.

గ్రీకుల నగర రాజ్యం సిరక్యూస్‌లో ముద్రించిన కంచు నాణెం అది. ఒకవైపు వాళ్ల గడ్డం సముద్రదేవుడి తల, రెండోవైపు త్రిశూలం, దానికి చెరోపక్కా ఒక డాల్ఫిన్. మీద ముదురాకుపచ్చ పొర. పాత కంచు నాణేనికి ఆ పొరే వయసు, ఆ పొరే పరువు. రైల్వే ఆఫీసులో ఫైళ్లతో కుస్తీ పట్టే నేను ఏళ్ల తరబడి ఆశపడి కొనుక్కున్నాను. బిలాస్‌పూర్‌లో మా నాణేల సంఘం పెట్టే ప్రదర్శనలో మొదటిసారి నాకొక గాజుపెట్టె ఇస్తామన్నారు, ఈ నాణెం కోసమే.

ప్రదర్శనకు ముందురోజు గురువారం. తార్‌బహార్ పేటలోని మా ఇంట్లో గురువారమంటే శుక్రవారం పూజకని సామాను తోమే రోజు. త్రిశూలం కనబడింది కదా, శివుడిదే అనుకుంది అమ్మ. దీపపు కుందులతో పాటు దాన్నీ చింతపండు పెట్టి రుద్ది, బొట్టు పెట్టి పటం ముందుంచింది. కొత్త గిన్నెలా మెరుస్తోంది. నేను నోటికొచ్చినట్టు అరిచాను.

“పాచి పట్టిపోయిందే. దేవుడి సొమ్ము మీద పాచి ఉంచుతావేటి?” అంది అమ్మ, ఏమాత్రం తగ్గకుండా.

మర్నాడు సంఘం పెద్ద దాన్ని చూసి నవ్వాడు. ఏ చదువురాని మనిషి చేసిన పని ఇది అని హిందీలో అడిగాడు. ఇక ఎందుకూ పనికిరాదట, పెట్టెలోంచి తీసెయ్యమన్నాడు. లేదంటే కొన్నప్పుడే ఇలా ఉందని రాసి పెట్టమన్నాడు. మా అమ్మని నేను తిట్టుకుంటాను, అది మా ఇంటి గొడవ. మధ్యలో ఆయనెవరు?

తియ్యనన్నాను. అబద్ధం కూడా రాయనన్నాను. ఆ కాలంలో సంతల్లో చేతులు మార్చి మార్చి దాన్ని అరగదీసిన వాళ్లకి లేని తప్పు, శుభ్రం చేసినావిడకి ఎక్కడినుంచి వచ్చింది? హిందీ బడిలో చదివిన నాకు తెలుగు రాయడమంటే నత్తనడక. అయినా పెట్టె పక్కనున్న అట్ట మీద హిందీ వివరాల కింద వంకర అక్షరాలతో రాశాను: ‘తోమినది మా అమ్మ, చింతపండుతో.’

సాయంత్రం అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. సంఘం పెద్ద అక్కడే నిలబడి ఉన్నాడు. అమ్మ కళ్లజోడు సర్దుకుని, నా రాతని కూడబలుక్కుంటూ చదివింది.

“ఉప్పు కూడా ఏసినాను కదే. అది రాయలేదేటి?” అంది.

పెన్ను తీసి, ఆయన చూస్తుండగానే ఉప్పు కూడా రాశాను.