గట్టిమేళంలో నా ఎడమచెయ్యి

పుంగనూరులో ఒక పెళ్ళిని నేను చెడగొట్టబోయాను. "చెడగొట్టబోయాను అంటున్నాడంటే చెడలేదన్నమాట" అని మీరు తొందరపడి ఊపిరి పీల్చుకోకండి. తాళి పట్టుకున్న పెళ్ళికొడుకు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పందిట్లో సగానికి పైగా జనం బోరుమన్నారు. పురోహితుడు నన్ను చూసిన చూపుకు నేను అక్కడికక్కడే బూడిద కావలసింది. ఇంత ఘనకార్యం చేసింది నా ఎడమచెయ్యి. కుడిచెయ్యి పాపం అమాయకురాలు.

ఎనభైల నాటి మాట. మదనపల్లెలో ఖాదర్ భాయ్ నడిపే ఆర్కెస్ట్రాలో నేను హార్మోనిస్టును. పెళ్ళి రిసెప్షన్‌కు ఆర్కెస్ట్రా పెట్టించడం అప్పట్లో గొప్పింటి లక్షణం. పక్క ఊరి పార్టీ వాళ్ళు కరెంటుతో మోగే సింథసైజర్ కొన్నారని తెలిసిన రోజు నుంచి ఖాదర్ భాయ్‌కి అన్నం సయించలేదు. చివరికి బెంగళూరు పోయి, తనూ ఒకటి కొని, దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు.

"రెడ్డెప్పా, ఇంగ నీ హార్మోనియం మూల పెట్టెయ్ రే. దీంట్లో వీణ ఉండాది, ఫ్లూటు ఉండాది, నాదస్వరం గూడా ఉండాది" అన్నాడు.

"ఇంత సన్న పెట్టెలో అన్నీ యాడ దాక్కోనుండాయి భాయ్?"

"అది నువ్వే కనుక్కోవల్ల. వాయించేది నువ్వా, నేనా?"

కనుక్కున్నాను. ఒక గుండీ తిప్పితే స్వరం ముక్కుతో పాడినట్టు వచ్చేది. ఇంకోటి తిప్పితే గొంతు విప్పి పాడినట్టు వచ్చేది. 'హోల్డ్' అనే మీట నొక్కితే మెట్టు మీద నుంచి వేలు తీసేసినా స్వరం పోకుండా అట్లాగే నిలబడేది. ఎడమ చివర రెండు చక్రాలు ఉండేవి. ఒకటి తిప్పితే స్వరం వణుకుతుంది. రెండోది తిప్పితే స్వరం జారుతుంది, పైకి తిప్పితే పైకి, కిందికి తిప్పితే కిందికి. ఈ రెండో చక్రాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది అదే.

హార్మోనియం వాయించేవాడి సంగతి మీకు తెలుసు కదా. కుడిచెయ్యి మెట్ల మీద ఆడుతుంటే ఎడమచెయ్యి వెనకాల తిత్తి కొడుతూ ఉండాలి. గాలి ఆగితే పాట ఆగుతుంది. చిన్నప్పటి నుంచి కొట్టీ కొట్టీ నా ఎడమచేతికి అదొక జబ్బులా పట్టుకుంది. భోజనం దగ్గర కూడా ఊగుతూ ఉంటే, "ఎవురికప్పా గాలి కొడతాండావు?" అని మా అమ్మ విసుక్కునేది. సింథసైజర్‌కు గాలీ అక్కర్లేదు, తిత్తీ లేదు. అంటే ఆ చేతికి ఉద్యోగం పోయినట్టే. ఉద్యోగం పోయినవాడు ఊరికే కూర్చుంటాడా చెప్పండి!

పుంగనూరులో పట్టు వ్యాపారి వెంకటరమణప్ప కూతురి పెళ్ళి వచ్చింది. ముహూర్తానికి నాదస్వరం పార్టీ, సాయంత్రం రిసెప్షన్‌కు మేము. పొద్దున్నే పోయి, స్పీకర్లు కట్టి, పందిరి గుంజలకు గొట్టం మైకులు బిగించి కూర్చున్నాం. పెళ్ళికొడుకుది కుప్పం. వాళ్ళతో బాటు పెళ్ళికొడుకు పెద్దమ్మ రత్నమ్మ దిగింది. ఆమె దిగినప్పటి నుంచి వెంకటరమణప్పకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. కాఫీ పలచన అంది, మండపం ఇరుకంది, ఆఖరికి అందరి ముందూ గట్టిగా చెప్పేసింది.

"ఇంగో మాట సెప్తాండా ఇనండి. తాళి కట్టేటప్పుడు ఒక్క తుమ్ము ఇనబడినా మా పిల్లోన్ని లేపుకోని పోతాము. తరవాత నన్ను అనొద్దు."

అందుకే కదండీ పెద్దవాళ్ళు గట్టిమేళం అనే ఏర్పాటు చేశారు. పురోహితుడు చెయ్యెత్తగానే నాదస్వరం, డోలు ఒక్కసారిగా హోరెత్తిస్తే, తుమ్మూ దగ్గూ ఏ అశుభం మాటా పెళ్ళిపీటల దాకా చేరదు. ఏర్పాటు బాగానే ఉంది, కానీ మేళం వాళ్ళ బస్సు పలమనేరు దగ్గర చెడిపోయి నిలబడిపోయింది. ముహూర్తం దగ్గర పడింది.

వెంకటరమణప్ప చెమటలు కక్కుతూ మా దగ్గరికి వచ్చాడు.

"ఖాదర్ భాయ్, ఎట్లన్నా సేసి కాపాడప్పా. ఆ యమ్మ సూస్తే అట్ల ఉండాది. గట్టిమేళం లేకుండా ఎవుడన్నా తుమ్మితే నా బిడ్డ బతుకేం గావల్ల?"

ఖాదర్ భాయ్ నోరు తెరిచేలోపే నేను లేచాను. "దానికేమప్పా, నాదస్వరం మా పెట్టెలోనే ఉండాది. నేను వాయిస్తా."

ఖాదర్ భాయ్ నా తొడ గిల్లాడు. "గట్టిమేళం ఎప్పుడన్నా వాయించినావా రే?"

"అదేమన్నా బ్రహ్మవిద్యనా భాయ్? గట్టిగా, గబగబా వాయించేదే గదా!"

ఆ పొగరు చూశారా? ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేక వేశాడు. నేను ముక్కు గుండీ పూర్తిగా తిప్పి, హోల్డ్ నొక్కి, మెట్ల మీద పడ్డాను. మొదటి క్షణం అద్భుతం! అచ్చం నాదస్వరం. వెంకటరమణప్ప నాకు దణ్ణం కూడా పెట్టాడు. సరిగ్గా అప్పుడే నా ఎడమచెయ్యి తిత్తి కోసం వెతుక్కుంటూ వెళ్ళింది. తిత్తి లేదు. చక్రం దొరికింది. ఇక కొట్టడం మొదలుపెట్టింది.

స్వరం పైకి లేచి, జారి, కిందపడి, మళ్ళీ లేచి వెక్కింది. "ఈఁ... యోఁ... ఓఁ..." అంటూ మనిషి గుండె పగిలి ఏడ్చినట్టు వచ్చింది. హార్మోనియం వాడికి మోత చెడితే తెలిసిన వైద్యం ఒక్కటే, ఇంకా గట్టిగా తిత్తి కొట్టడం. కొట్టాను. ఏడుపు గొట్టం మైకుల్లోంచి వీధి చివరి దాకా వెళ్ళింది.

అంత దీనమైన మోత పెళ్ళిళ్ళలో అప్పగింతలప్పుడే వినబడుతుంది. ముందు వరసలోని ముసలమ్మ కళ్ళొత్తుకుంది. "అయ్యో, అప్పుడే పోతాండావా తల్లీ!" అంది. అంతే, పెళ్ళికూతురి తల్లి బిడ్డను కౌగిలించుకుని భోరుమంది. పిల్ల ఏడ్చింది. ఆ వెనక వాళ్ళు, వాళ్ళ వెనక వాళ్ళు అందుకున్నారు.

"అమ్మా, ఇంకా తాళే కట్టలేదమ్మా! ఇది అప్పగింతలు కాదు!" అని పురోహితుడు మొత్తుకున్నాడు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

"చెయ్యి తీయ్ రే, హాత్ నికాల్!" అని ఖాదర్ భాయ్ అరిచాడు.

"తీస్తాండా భాయ్, మళ్ళా అదే పోతాండాది!"

రెండు చేతులూ ఎత్తేశాను. హోల్డ్ పుణ్యమా అని మోత ఆగలేదు. మోత వస్తోందంటే తిత్తి కొట్టాల్సిందే కదా, ఎడమచెయ్యి మళ్ళీ చక్రం మీదికే దిగింది. నాకు నిజంగా భయం వేసింది. తుమ్ముకే పెళ్ళి ఆపుతానన్న మనిషి ఇన్ని ఏడుపులకు ఊరుకుంటుందా? నా గొప్ప కోసం ఒక ఆడపిల్ల పెళ్ళి పీటల మీద ఆగిపోతోంది. ఏడుపు ముంచుకొస్తుంటే రత్నమ్మ వైపు చూశాను.

రత్నమ్మ అందరికంటే గట్టిగా ఏడుస్తోంది! "మా యమ్మ గూడా ఇట్లే ఏడ్సిందే! నన్ను కుప్పానికి పంపిచ్చినప్పుడు ఇట్లే ఏడ్సిందే!" అని గుండెలు బాదుకుంటోంది. అప్పుడే హోమం పొగ ముక్కులోకి పోయి పెళ్ళికొడుకు తుమ్మాడు. చిన్నాచితకా తుమ్ము కాదు, బాసికం ఎగిరిపడింది. నేను చూశాను, పురోహితుడు చూశాడు. రత్నమ్మ కొంగులో ముక్కు చీదుకుంటోంది, ఆమెకు వినబడలేదు.

పురోహితుడు గడుసువాడు. "కట్టు నాయనా, కట్టెయ్! ఈ ఏడుపులో బాంబు పడినా ఎవరికీ వినపడదు!" అన్నాడు. మూడు ముళ్ళూ పడ్డాయి. అక్షింతలు పడ్డాయి. ఖాదర్ భాయ్ పరుగెత్తి వైరు పీకేశాడు.

నేను వంటశాలలో అన్నం గంగాళాల వెనక దాక్కున్నాను. కాసేపటికి రత్నమ్మ వెతుక్కుంటూ వచ్చింది. కాళ్ళ మీద పడబోయాను.

"లెయ్ అప్పా, లెయ్" అంది, వాచిన కళ్ళతో. "వచ్చే నెల కుప్పంలో మా పాప పెండ్లి. నువ్వు తప్పకుండా రావల్ల."

"గట్టిమేళానికా అమ్మా?"

"ఛీ, దానికి యాల? అప్పగింతలకు. మా పాప నోటికి భయపడి ఇంట్లో అందురూ ఎప్పుడు పోతాదా అని కాసుకోనుండారు. ఒక్కరి కంట్లో గూడా సుక్క నీళ్ళు వచ్చేట్టు లేవు. మొగపెండ్లోళ్ళ ముందర మా పరువు ఏం గావల్ల? నువ్వొచ్చి ఆ సక్రం తిప్పప్పా."

ఆ రోజే కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ ఇంట పెళ్ళయినా, తాళి మెడలో పడేదాకా నా ఎడమచేతి మీద నేనే కూర్చుంటాను. పడిన తరువాత సంగతి మాత్రం ఈ ప్రమాణంలోకి రాదు, ఎందుకంటే రత్నమ్మకు నేను అప్పటికే మాటిచ్చేశాను.