వీసా దొర వేషం

గుల్‌నహార్ మీసం దిద్దుకుందంటే ఆ వీధిలో ఎవరి ఇంట్లోనో పెళ్ళి ఉందన్నమాట. లండన్ తూర్పు పేటలో, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన మా వాళ్ళు ఒకరి నెత్తి మీద ఒకరు కాపురాలుండే ఎర్రిటుక మేడల్లో, పెళ్ళికూతురికి పసుపు పెట్టే రోజు ఆడవాళ్ళ గదిలోకి మగపురుగు రాకూడదు. రావడానికి ఉంటేగా? నాలుగు కొట్టేసరికి మగాళ్ళందరూ హోటళ్ళలో వంటలకు పోయేవాళ్ళు. మెట్ల మీద వాళ్ళ బూట్ల చప్పుడు సద్దుమణిగాక కర్టెన్లు దించి తలుపు గడియ పెట్టేవాళ్ళు. కుర్రపిల్ల ఎవతైనా కెమెరా తెస్తే లాక్కుని బియ్యం డబ్బాలో దాచేవాళ్ళు. అప్పుడు గుల్ మొగుడి కోటు తొడుక్కుని, కాటుక మీసంతో లేచి నిలబడేది.

ఇదేం వింత కాదు మాకు. ఊళ్ళో ఆమె మేనత్త చేసిన పనే ఇదీను. పంతొమ్మిదేళ్ళకు పెళ్ళయి ఇక్కడికి వచ్చిన గుల్, పగలంతా ఇంట్లో మిషను ముందు కూర్చుని ఆడవాళ్ళ కోట్లకు లోపలి గుడ్డ కుట్టేది. కుడుతూ కుడుతూ ఏదో తోచగానే, బట్ట కత్తిరించే అట్టల వెనక నాలుగు ముక్కలు గిలికేది. మసీదు ఇమాము దగ్గు, డాక్టరు దగ్గర చీటీలిచ్చే తెల్లపిల్ల విసుగు, కొత్త కోడలి అత్త నడక, ఏది పట్టినా అచ్చు దించేసేది. గదిలో కూర్చున్నవాళ్ళు కడుపులు పట్టుకునేవాళ్ళు.

మొగుడు సురత్ మియాది తందూరు పొయ్యి దగ్గర పని. మంచివాడు, మాట తక్కువ.

"నా కోటుకు కాటుకెక్కడిదే?" అని అడిగాడు ఒకసారి.

"మీ మీద ప్రేమ. కారి అంటుకుంది."

"ఉతుకు" అని పనికి పోయాడు. అంతకుమించి అతనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అందరూ అడిగి మరీ ఆడించుకునే వేషం ఒకటుంది, వీసా దొర. అది మేమంతా ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచే ఆయ్‌మున్ సొంత కథ. ఖాలా మొగుడు అందరికంటే ముందు ఈ దేశం వచ్చి కోట్ల ఫ్యాక్టరీలో చేరాడు. పిల్లలుంటే పన్ను తగ్గుతుందని తెలిసి, ఆ రోజుల్లో మా వాళ్ళు చాలామంది చేసిన పనే తనూ చేశాడు. అన్న కొడుకు ముజీబును తన పెద్దకొడుకని కాగితంలో రాశాడు. అన్న కొడుకంటే కొడుకు కాదా ఏమిటి, అనుకున్నాడు. ఆ కాగితం మీదే ముజీబు వచ్చేశాడు. తర్వాత ఖాలా తన సొంత కొడుకు ఖాలిక్‌ను తీసుకుని ఢాకా వెళ్ళి వీసా దొర ముందు కూర్చుంది.

దొర తల్లిని ఒక గదిలో, పిల్లాణ్ణి ఇంకో గదిలో కూర్చోబెట్టి అడిగాడు. పెరట్లో వక్కచెట్లెన్ని? కోళ్ళెన్ని? తలుపు ఏ దిక్కుకు? అన్నీ కలిశాయి. కొడుకులెందరని అడిగితే, మొగుడు నేర్పి పంపినట్టు ఖాలా "ఇద్దరు" అంది. తొమ్మిదేళ్ళ ఖాలిక్ "నాకు అన్న లేడు, నేనొక్కణ్ణే" అన్నాడు. తల్లికి నేర్పిన అబద్ధం పిల్లాడికి నేర్పడం మరిచారు. కాగితంలో ఉన్నవాడు నిజం కొడుకయ్యాడు, కడుపున పుట్టినవాడు దొంగయ్యాడు. తల్లికి వీసా ఇచ్చి పిల్లాణ్ణి నమ్మం పొమ్మన్నారు.

ఆర్నెల్లలో తెప్పిస్తానన్నాడు మొగుడు. తెప్పించకుండానే పోయాడు. ఖాలా ముజీబు ఇంట్లోనే ఉండిపోయింది. అతను ఆమెను అమ్మా అనే పిలిచేవాడు, బాగానే చూసుకునేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అక్కడ ఖాలిక్‌కు మీసాలొచ్చాయి, పెళ్ళయింది. కొడుకు పెళ్ళిని తల్లి ఫొటోలో చూసింది.

పసుపు గదిలో పాట కాస్త సద్దుమణిగితే చాలు, ఖాలా తమలపాకు నములుతూ, "ఏమే గుల్, నా దొరను పిలవ్వే" అనేది. గుల్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చునేది. ఖాలా ముసుగు సవరించుకుని, తన వేషం తనే వేసేది.

"కోళ్ళెన్ని?"

"పద్నాలుగు దొరా. మీరు భోజనానికొస్తే పదమూడు."

"మీ ఆయన కురుస్తాడా?" అనేది గుల్, దొర వచ్చీరాని మాటలో.

"గురకా? గురక పెడతాడు దొరా. ఇంగ్లీషులో పెడతాడో లేదో నేను వచ్చాక చెబుతా."

నవ్వుల్లో ఎవరి మాట ఎవరికీ వినిపించేది కాదు. ఆ నవ్వులన్నీ అయ్యాక గుల్ గొంతు తగ్గించి, "కొడుకులెందరు?" అనేది. "ఒక్కడే దొరా. ఖాలిక్" అనేది ఖాలా. గుల్ లేచి తన అరచేతిని ఖాలా అరచేతిలో ధన్‌మని వేసి ముద్ర కొట్టేది. చప్పట్లు, పాటలు. ఖాలా కొంగుతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ తమలపాకు చుట్టుకునేది. ఏడాదికి నాలుగైదుసార్లు అలా ఖాలిక్‌కు వీసా వచ్చేది.

ఆ గదిలో మాట గడప దాటలేదు పదేళ్ళు. గుల్‌కు ఆ గదే లోకం. ఆ ఆడవాళ్ళు తన ముందు కూర్చుని నోరు తెరుచుకుని చూడటం, అంతకంటే ఆమెకు ఏమీ అక్కర్లేదు. అలా అని అప్పట్లో అడిగితే ఆమె చెప్పి ఉండేది కాదు, అది వేరే సంగతి.

తొంభై ఒకటిలో, ఆడవాళ్ళకు ఇంగ్లీషు నేర్పడానికి వచ్చే ఫిలిపా అనే తెల్లావిడ ఒక పెళ్ళికి వచ్చింది. ఆడమనిషే కదా అని రానిచ్చారు. ఆమె ఒక చిన్న నాటకశాలలో కూడా పని చేసేది. ఖాలిక్‌కు వీసా వచ్చేసరికి ఆవిడ ముఖం ఎర్రబడిపోయింది. మర్నాడు గుల్ ఇంటికొచ్చి, "నువ్వు రాసి ఇవ్వు. నిజమైన స్టేజీ మీద ఆడిద్దాం. ఒకరోజు మధ్యాహ్నం మీ ఆడవాళ్ళకే ప్రత్యేకంగా పెడదాం" అంది. పన్నెండేళ్ళుగా అట్టల వెనక గిలికిన మనిషి. ఆశ పుట్టక ఏమవుతుంది?

ముందు ఖాలా దగ్గరకు వెళ్ళింది. ఖాలా ఎండుచేపలు తుంచుతోంది.

"పేరు మార్చు. ముజీబు ఊసు రానీకు. అమాయకుడు, ముగ్గురు పిల్లల తండ్రి" అంది ఖాలా.

"సరే ఖాలా."

"చివర్లో పిల్లాడికి వీసా ఇప్పించు. వంద మంది ముందు ఇప్పించు. నేను మొదటి వరసలో కూర్చుంటా."

"ఒట్టు ఖాలా, ఇప్పిస్తా."

"ఒట్లెందుకులే. వేసినవాళ్ళను చాలామందిని చూశా."

నాటకం తయారవుతుంటే ఫిలిపా అడిగింది, చివర్లో వీసా రావడం నిజంగా జరిగిందా అని. లేదంది గుల్. మరైతే అలా ఎందుకు రాశావంది. ఒకసారి జరిగినట్టే ఆడి చూద్దామంది. గుల్ దొర వేషంలో ఫైలు మూసి, వెనక్కి తిరిగి నడిచింది. చూస్తూ కూర్చున్న నాటకశాల వాళ్ళు పదిమందీ ఊపిరి బిగబట్టారు. అలాంటి నిశ్శబ్దం గుల్ ఎప్పుడూ ఎరగదు. మా ఆడవాళ్ళు నవ్వుతారు, ఏడుస్తారు, మధ్యలో టీ అడుగుతారు. ఇలా రాయిలా ఎవరూ కూర్చోలేదు ఆమె ముందు.

ఫిలిపాను తిట్టుకోవడం తేలిక. మా వాళ్ళు ఇప్పటికీ తిడతారు. కానీ ఆ రుచి మరిగింది గుల్. రాత్రి ఆటలన్నిటికీ ఆ ముగింపే పెట్టింది. ఆడవాళ్ళ ఆట ఒక్కదానికి పాత ముగింపు ఉంచుదామంది. సరేనంది ఫిలిపా. పేర్లన్నీ మార్చారు.

బుధవారం మధ్యాహ్నం నలభై మంది దాకా వచ్చారు, తమలపాకుల డబ్బాలతో, పిల్లలతో. ఖాలా తను చెప్పినట్టే మొదటి వరసలో కూర్చుంది. కొత్త చీర కట్టింది. స్టేజీ మీద తల్లి వేషం ఇంకో అమ్మాయిది. కోళ్ళ దగ్గర గొల్లుమన్నారు. అంతా పసుపు గదిలో ఉన్నట్టే ఉంది.

"కొడుకులెందరు?" అంది గుల్.

"ఇద్దరు" అంది స్టేజీ మీది తల్లి.

ఇక్కడ గుల్ కుర్చీ దిగి ఖాలా ముందుకొచ్చి, అదే ప్రశ్న మళ్ళీ అడగాలి. అనుకున్నదది. దిగబోయింది కూడా. హాలు నిశ్శబ్దంగా ఉంది. నలభై మంది సొంత మనుషులు, టీ అడగకుండా, పిల్లల్ని అదిలించకుండా రాళ్ళలా కూర్చున్నారు. ఒక్క నిమిషం, అనుకుంది గుల్. ఇంకొక్క నిమిషం ఇలాగే ఉండనీ. చేయి దానంతటదే ఫైలు మూసేసింది.

ఖాలా లేచి నిలబడింది.

"దొరా, ఆగు. తప్పు చెప్పాను. ఒక్కడే నా కొడుకు, ఖాలిక్ ఒక్కడే. ముజీబు మా బావగారి పిల్లాడు. మా ఆయన రాయించాడు. నా పిల్లాడు నిజమే చెప్పాడు దొరా, వాణ్ణి రానీ."

అప్పుడైనా గుల్ వెనక్కి తిరిగితే సరిపోయేది. తిరగలేదు. నడిచి వెళ్ళిపోయింది. దీపాలార్పేశారు. ఇదంతా నాటకంలో భాగమనుకుని వెనక వరసలోంచి ఒక తెల్లావిడ చప్పట్లు కొట్టింది. ఆవిడ ఫిలిపా పిలిచిన పత్రిక మనిషి, పక్కనున్న కుర్రపిల్ల చేత ప్రతి మాటా ఇంగ్లీషులో చెప్పించుకుంటోంది.

వారం తిరక్కుండా పేపర్లో పడింది. చాలా మెచ్చుకున్నారు. ముందు వరసలో ఒక ముసలామె లేచి, ఫలానా ముజీబు తన కొడుకు కాదని ఏడ్చిన ఘట్టం అద్భుతమని రాశారు. పేరుతో సహా.

ముజీబు ఆ పేపరు పట్టుకుని గుల్ గుమ్మంలోకి వచ్చాడు. అరవలేదు.

"గుల్ ఆఫా, అక్కా అని పిలిచాను కదా, మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నావు? ఇప్పుడు ఎవరి బిడ్డ ఎవరో తేల్చే రక్తం పరీక్ష అని ఒకటొచ్చిందట. రేపు ఎవడైనా వచ్చి చెయ్యి చాపమంటే నేనేం చెయ్యను?"

నెల తిరగకుండా అతను కొలువు మానుకుని, పెళ్ళాం పిల్లల్నీ ఖాలానూ తీసుకుని ఎక్కడో ఉత్తరాన ఓల్డ్‌హామ్ పోయాడు. అతనికి సర్కారు నుంచి ఏ ఉత్తరమూ రాలేదు. కానీ పోస్టు చప్పుడైతే ఎవరినీ ముట్టనివ్వకుండా తనే పరిగెత్తి తీసేవాడట, చాలా ఏళ్ళు. అలాంటి కాగితాలున్న ఇళ్ళు మా వీధిలో ఇంకా పది ఉన్నాయి. వాళ్ళ మాట చెప్పనక్కర్లేదు.

తర్వాత పెళ్ళి పై అంతస్తు లుత్ఫా కూతురిది. లుత్ఫాకు గుల్ ప్రాణస్నేహితురాలు, ఒకే కత్తెర ఇద్దరూ వాడుకునేవాళ్ళు. పసుపు రోజున పైన పాటలు వినబడుతున్నాయి. గుల్ చీర కట్టుకుని తయారై కూర్చుంది. పిలుపు రాలేదు. ఆరింటికి చీర విప్పేసి మిషను ముందు కూర్చుంది. ఆ తర్వాత ఏ ఇంటి నుంచీ రాలేదు.

ఆ సిగ్గులోనే ఒకసారి ఓల్డ్‌హామ్ వెళ్ళింది. ముజీబు పనికి వెళ్ళిన వేళ చూసుకుని తలుపు తట్టింది. ఖాలా కూర్చోమనలేదు, పొమ్మననూ లేదు.

"నిజం దొర ఇవ్వలేదు. వాడి కొలువు వాడిది, పోనీ అనుకున్నా. ఖాలిక్‌కు వీసా ఇస్తే నీకేం పోయేదే?" అని అడిగింది.

గుల్ ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకుండా తిరిగొచ్చింది.

నాటకాలు మరో మూడు రాసింది. మొదటిదానికి తెల్లవాళ్ళు వచ్చారు, రెండోదానికి సగం, మూడోదానికి కుర్చీలే. ఫిలిపాకు వేరే ఊళ్ళో పెద్ద ఉద్యోగం వచ్చింది. ఆమె స్థానంలో వచ్చినాయన, పరదా గురించో తండ్రి చేతి దెబ్బల గురించో ఉంటే రాయమన్నాడు. గుల్ తండ్రి ఆమెను ఎన్నడూ కొట్టలేదు. చివరకు చక్కెర జబ్బు గురించి ఆస్పత్రుల్లో చిన్న చిన్న వేషాలు కట్టింది, మిఠాయిలు మానమని చెప్పే ముసలి అత్త. చూడటానికి మా ఆడవాళ్ళే వచ్చేవాళ్ళు, నర్సు రమ్మంటే. ముఖం తిప్పుకుని కూర్చునేవాళ్ళు. రెంటికీ చెడ్డ రేవడి అయింది ఆమె బతుకు. ఈలోగా సురత్ మియా కూడా పోయాడు, కోటు మిగిలింది.

ఖాలా పోయిందన్న కబురు పన్నెండేళ్ళ తర్వాత వచ్చింది. మొగుడి పక్కన పెట్టాలని లండన్‌కు తెచ్చారు. మసీదు వెనక శవాలకు స్నానం చేయించే గదికి గుల్ పొద్దున్నే వెళ్ళింది. ఖాలిక్ రాలేదు. రాలేడని అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

తలుపు కొంచెం తీసి ఉంది. లుత్ఫా చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. ఇద్దరి జుట్టూ నెరిసింది.

"లుత్ఫా, ఒక్క చెంబు నేను పోస్తానే. ఒక్కటి."

లుత్ఫా కాసేపు చూసింది. ఆమె కళ్ళలో కోపం లేదు, ఉన్నా బాగుండేది.

"కడిగేవాళ్ళు చూసింది బయట చెప్పకూడదు కదా ఆఫా" అంది మెల్లగా. "నీకది చేతకాదు." తలుపు దగ్గరకు వేసింది.

గుల్ వసారాలో బల్ల మీద కూర్చుంది. లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు. ఇంత మాట అన్నందుకు కోపం రావాలి కదా, కాస్తయినా రావాలి. రాలేదు. తలుపు తీసి ఉన్న ఆ రెండు క్షణాల్లోనే ఆమె చూసేసింది. తెల్లగుడ్డ కింద నుంచి బయటకున్న ఖాలా పాదాలు, ఒక మడమ మీద పాత పగులు, లుత్ఫా తన కొంగును నడుముకు దోపుకున్న తీరు. చూడకూడదనే అనుకుంది. కళ్ళు మూసుకుంటే ఇంకా స్పష్టంగా కనబడుతున్నాయి. లుత్ఫా అన్న మాట, దానికి ముందు ఆమె ఆగిన ఆ కాసేపు, తలుపు దగ్గరకు పడిన చప్పుడు, అన్నీ అప్పుడే లోపల ఒక వరసలో కూర్చుంటున్నాయి. ఎక్కడ ఎవరు నిలబడాలో, ఎవరు ముందు మాట్లాడాలో తెలుస్తోంది. ఎంత తోసేసినా ఆగడం లేదు. గుల్ రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది, ఏడుస్తూనే మనసులో రాసుకుంటూ పోయింది.