కాఫీ కళ్లంలో మా ఆఖరి టేపు

మాస్టారు ఇరవై ఏళ్లు పెళ్లి బ్యాండులో శాక్సఫోన్ ఊదారు. విస్తళ్లు వేయగానే జనం లేచిపోవడమే తప్ప ఒక్క పాటా చివరిదాకా విన్నవాడు లేడు. అందుకే సొంతంగా జాజ్ ఆల్బమ్ చేస్తానన్నప్పుడు ఒకటే పట్టుబట్టారు: ఆఖరి పాట చివర అందరూ ఆపేయాలి, ఆయన శాక్సఫోన్ ఒక్కటే వినపడాలి. దానికి అరకు దాకా ఎందుకో నాకు బోధపడలేదు. "అక్కడ నిశ్శబ్దంగా ఉంటుందిరా" అన్నారు. తొంభై ఎనిమిది అక్టోబరులో ముగ్గురం బయల్దేరాం: మాస్టారు, డ్రమ్స్ వాయించే రాజు, గిటారుతో నేను.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే మధ్యాహ్నానికల్లా అరకు. కుడివైపు కిటికీ దొరికితే లోయలు కనిపిస్తాయట. నాకు ఒళ్లో ఉన్న డ్రమ్ము తప్ప ఇంకేమీ కనిపించలేదు. స్టేషన్ నుంచి జీపులో పల్లెకు పోతుంటే డ్రైవరు అడిగాడు, "పెళ్లెవరికండీ?" ఎవరికీ కాదన్నాం. "మరి బ్యాండెందుకండీ?" నేను మాస్టారి వైపు చూశాను. ఆయన కొండల వైపు చూస్తున్నారు.

కోతలు ఇంకా మొదలవలేదు, కాఫీ గింజలు ఆరబోసే సిమెంటు కళ్లం ఖాళీగా ఉంది. అక్కడే మైకులు పెట్టాం. మర్నాడు సాయంత్రానికి మిగిలింది ఆ ఆఖరి పాట, ఒక్క టేపు. రాజు ముందురోజు ఊళ్లో విన్న ధింసా ఆట దరువు ఎత్తుకున్నాడు. అంతే! పొలం నుంచి వస్తున్న ఆడవాళ్లు గంపలు దించి, వీపుల వెనక చేతులు పెనవేసుకుని, అందెలు మోగిస్తూ కళ్లంలోకి వచ్చేశారు. ఆపమందామంటే టేపు తిరుగుతోంది. అనుకున్న చోట రాజు ఆపేశాడు. మాస్టారు ఊదబోయారు.

"ఏటి బాబూ, ఆపేసినావు?" వరస ముందున్న పెద్దామె గద్దించింది. "ఆటలో ఉన్నాం కదా! మేం సేతులిడిసినదాకా దరువు ఆపకూడదు. బేగి వాయించు!"

రాజు హడలిపోయి మళ్లీ అందుకున్నాడు. మాస్టారి ముఖం చూడలేకపోయాను, నాకే ఏడుపొచ్చింది. ఆయన ఊదారు, ఆ హోరులో వినపడలేదు. "ఒక్కడివీ అలగ నిలబడ్డావేటి? రా" అని ఆమె చెయ్యి చాచింది. మాస్టారు శాక్సఫోన్‌ను గోనెసంచి మీద పెట్టి, వెళ్లి వరసలో కలిశారు.

ఆట అయ్యాక టేపు వెనక్కి తిప్పి విన్నాం. చివర శాక్సఫోనే లేదు. "ఇంకో టేపు తెప్పిద్దామా, మాస్టారూ?" అన్నాను. "వద్దురా, ఇలాగే ఉంచెయ్."

అలాగే క్యాసెట్టు వేశాం. ఆయన రాజీపడ్డారా, కోరుకున్నదానికంటే మంచిదేదో దొరికిందా, ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. అడిగితే నవ్వేస్తారు. మీరు అరకు వెళ్తే మాత్రం ఒక్క మాట: ధింసాలోకి పిలిస్తే బూట్లు విప్పి వెళ్లండి. మాస్టారు విప్పలేదు. అందుకే మా ఆల్బమ్ చివర, అన్ని అందెల మధ్య, ఒక్క జత బూట్లు అడుగు తప్పుతూ వినిపిస్తాయి.