సముద్రపు బరువుతో కాలవలోకి

ఉదయం పదీ పదికి గన్నవరంలో దిగాం. వాన అప్పుడే ఆగింది. ఒళ్లంతా జిగట. మేం నలుగురం: సుబేదార్ సాబ్, తాడు పట్టే నాయక్, సెకండ్ డైవర్, నేను. నేను హవల్దార్ని. డైవింగ్ సామానంతా నా పూచీ. మా ఇల్లు గుణదలలో, అక్కణ్ణుంచి అరగంట దూరం. ఫోన్ చేయలేదు. చేస్తే అమ్మ ఏడుస్తుంది.

సముద్రంలో ట్రైనింగ్ జరుగుతుండగా ఇక్కడ కాలవలో దిగాలని ఆర్డరొచ్చింది. విమానంలో చోటు తక్కువని పెద్ద జాకెట్లు వదిలేసి, ప్రయాణాల్లో వాడే తేలికపాటివి తెచ్చాం. మడిస్తే చేతిసంచీలో పట్టేస్తాయి. వాటి గాలితిత్తి చిన్నది. గాలి నింపితే మనిషిని పైకి తేలుస్తుంది గానీ, అది మోయగలిగే బరువుకి ఓ హద్దుంది. గాలి సిలిండర్లు ఇక్కడ దొరికిన ఉక్కువి, అవీ బరువే. సీసం బెల్టులు మాత్రం సముద్రంలో కట్టుకున్నవే. ఒక్కోటి ఎనిమిది కిలోలు.

మీకో సంగతి చెప్పాలి. ఉప్పునీళ్లు మనిషిని ఎక్కువ తేలుస్తాయి. మందపాటి రబ్బరు సూటు ఇంకా తేలుస్తుంది. అందుకే అక్కడ అంత సీసం. కాలవ నీళ్లలో, పల్చటి సూటుకి అందులో సగం కూడా అక్కర్లేదు. ఈ పాఠం అందరికీ చెప్పేది నేనే.

ఇంకోటి. బెల్టు బకిల్ ఒక్క లాగుకి ఊడాలి. ప్రాణం మీదికొస్తే బరువు వదిలేసి పైకి రావడానికే ఆ ఏర్పాటు. కానీ ట్రైనింగులో ఒక బెల్టు ఊడి సముద్రంలో పడిపోయింది. ఫౌజులో సామాను పోతే మనిషి పోయినంత రాద్ధాంతం. మూడు వారాలు సంజాయిషీలు రాశాను. ఇక చాల్రా దేవుడా అనుకుని, అన్ని బకిళ్ల మీదా నైలాన్ తాడుతో రెండేసి ముళ్లు బిగించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పదకొండూ నలభైకి లాకుల దగ్గరికి చేరాం. ఉయ్యూరు దాటి చల్లపల్లి వైపు ఎక్కడో అనుకోండి. నాలుగు షట్టర్లలో ఒకటి కొద్దిగా లేచి బిగుసుకుపోయింది. మేం దిగితే నీళ్లు లాక్కుపోకుండా మిగతా మూడూ దించేశారు. దించినకొద్దీ కాలవ పొంగుతోంది. గట్టు మీద ఇసుక బస్తాల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. షట్టర్లు తిప్పే లస్కరు మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు.

"తాటిదుంగొచ్చి షట్టరు కింద ఇరుక్కుందండీ. ఎంత తిప్పినా లేవట్లేదు. మూడిట్లోంచే ఈ నీళ్లన్నీ పోవండీ. సందేళ దాకా గట్టు ఆగదండీ. అవతల రెండూళ్లున్నయ్."

"లోతెంత?"

"రెండు నిలువులుంటదండీ. అడుగున మోకాల్లోతు బురద."

నీళ్లకేసి చూశాను. చిక్కటి టీ రంగు. పదకొండేళ్ల సర్వీసులో అంత భయం ఎప్పుడూ వేయలేదు.

నీళ్లలోకి దిగగానే బరువు సరిచూసుకోవాలి. జాకెట్లో గాలి తీసేసి, ఊపిరి పట్టి నిలబడితే నీళ్లు కళ్ల దాకా రావాలి. అంతకంటే మునిగితే సీసం ఎక్కువైనట్టు. రెండు నిమిషాల పని. నేను చేయలేదు. ఆగితే ఇక దిగలేనేమోనని భయం.

పన్నెండూ ఐదుకి దిగాను. నడుముకి తాడు, చేతిలో గొలుసుకున్న ఇనప కొక్కెం. రాయిలా నేరుగా అడుగుకి పోయాను. కాళ్లు మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డాయి. ముఖం ముందు పెట్టుకున్న చెయ్యే కనపడలేదు. తడుముకుంటూ దుంగకి కొక్కెం తగిలించాను. పని అయిపోయింది. జాకెట్లో గాలి నింపాను. కదల్లేదు. నిండా నింపాను. అయినా కదల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, నడుముకున్నది సముద్రపు బరువని.

బకిల్ లాగాను. ముళ్లు. నేను వేసినవే. నానిన నైలాన్ ఇంకా బిగుసుకుంది. కత్తి పిక్కకి కట్టుకున్నాను, అది బురదలో ఉంది, వంగితే అందలేదు. తాడు నాలుగుసార్లు గుంజాను. 'పైకి లాగు' అని గుర్తు. తాడు దుంగ చుట్టూ మెలికపడింది. పైనున్న నాయక్‌కి ఏమీ తెలియలేదు. అమ్మా అని అరిచాను. నోట్లో గొట్టం, ఆ అరుపు నాకే వినపడలేదు.

కాసేపటికి ఒక చెయ్యి నా భుజం మీద పడింది. సెకండ్ డైవర్. ఎటూ కదలని తాడు చూసి, దాన్నే పట్టుకుని వచ్చాడు. నా నడుము తడిమాడు, ముళ్లు తెలిశాయి, తన కత్తితో ముందు మెలికపడ్డ తాడు, తర్వాత ఆ ముళ్లూ కోశాడు. బెల్టు జారిపోయింది. నేను ఒక్కసారిగా పైకి లేచాను. నా మోకాలు తగిలి అతని చేతిలో కత్తి ఎగిరిపోయింది.

వెలుతురులోకి వచ్చి గాలి పీల్చాను. పక్కన ఎవరూ లేరు.

"ఇంకోడేడీ?" నాయక్ గట్టు మీంచి అరిచాడు.

అతని నడుముకీ నా ముళ్లే. ఇప్పుడు కత్తి కూడా లేదు, పైకి లాగడానికి తాడూ కట్టుకోలేదు.

మునగబోతే నీళ్లు నన్ను రానివ్వలేదు. బరువు లేదుగా, బెండులా తేలిపోతున్నాను. జాకెట్లో గాలంతా వదిలినా అంతే. చివరికి షట్టరు పక్క స్తంభానికున్న ఇనప మెట్లు పట్టుకుని, తలకిందులుగా ఒక్కో మెట్టూ లాక్కుంటూ దిగాను. అతను దొరికాడు. నోట్లో గొట్టం లేదు, పెనుగులాటలో జారిపోయింది. వేళ్లు నడుము దగ్గర ముడిని పీకుతున్నాయి. ఆ వేళ్లు పక్కకి తోసి నా కత్తితో కోశాను. ఇద్దరం పైకి తేలాం.

గట్టు మీద బోర్లా పడుకోబెట్టి కక్కించాం. సుబేదార్ సాబ్ అతని చెంపలు కొడుతూనే ఉన్నాడు. లస్కరు అరికాళ్లు రుద్దాడు. దగ్గాడు. కళ్లు తెరిచాడు. అతన్ని వెల్లకిలా తిప్పాను.

"ముడి ఎవరేశారు?" సాబ్ అడిగాడు.

"నేనే సాబ్."

ఆయన తిరిగి అతని ముఖం మీది బురద తుడవసాగాడు. తిట్టినా బాగుండేది.

మూడింటికి గొలుసుతో దుంగ లాగారు. షట్టరు లేచింది. గట్టు నిలిచింది. ఊళ్లకి ఏమీ కాలేదు. జనం మాకు అన్నాలు తెచ్చారు.

మర్నాడు ఒక పూట సెలవిచ్చారు. గుణదల వెళ్లాను. అమ్మ కొసరి కొసరి వడ్డిస్తూ "ఏం పని చేశావురా ఇక్కడ?" అంది. "లాకుల్లో చెత్త తీశాం" అన్నాను.

ఆ తర్వాత ఆరేళ్లు చేసి రిటైరయ్యాను. కళ్లు మూస్తే ఆ గట్టే కనిపిస్తుంది. అతను వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఊపిరి ఆడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నడుముకి బెల్టు లేదు, కోసేసి చాలాసేపయింది. అయినా ఆ పదివేళ్లూ నడుము మీద ముడి కోసం వెతుక్కుంటూనే ఉన్నాయి.