జిల్లా పేజీ

ఇట్లాంటిది కూడా జరుగుతుందా అని ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. జరిగింది. చేసింది నేనే.

మా కర్నూలు వన్‌టౌన్‌లో మున్సిపాలిటీ వాళ్ల పేపర్లు చదువుకునే గదికి తాళం పడి చాలాకాలమైంది. అప్పట్నుంచి మాకు సందు మొదట్లో ఉన్న టీ అంగడి బెంచీయే దిక్కు. ఒకప్పుడు ఆ గదిలో పేపరు చేతికి రావాలంటే అరగంట నిలబడాలి. ఇప్పుడు బెంచీ మీద ఒకే పేపరు, చదివేది నలుగురం. మిగతావాళ్లంతా ఫోన్లలో తలకాయలు దూర్చేశారు. దూర్చనీ, మాకేం పోయింది?

నలుగురమే కనక పేపరు విప్పి పంచుకునేవాళ్లం. మొదటి పేజీ నాది. నేను బస్సు కండక్టరుగా రిటైరైనవాణ్ణి, గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. ఆటల పేజీ దర్జీది. సంపాదకీయం పాత అయ్యవారిది. జిల్లా పేజీ మాత్రం ఒక పెద్దాయనది. కోడుమూరు దిక్కునుంచి వచ్చి ఈ సందుల్లోనే ఎక్కడో గది తీసుకుని ఒంటరిగా ఉండేవాడు. ఆయన చదివేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఒకసారి నేను తొందరపడి లాగితే, "ఏమప్పా, నోటికాడి కూడు లాక్కుంటాండావే!" అని రోజంతా మూతి ముడుచుకున్నాడు. వాళ్ల ఊరి కబురు ఏదన్నా పడుతుందేమోనని ఆయన ఆశ.

మొన్న ఎండాకాలం ఒక సోమవారం ఆయన రాలేదు. ఊరికి పోయాడేమోలే అనుకున్నాం. దర్జీ జిల్లా పేజీ అందుకోబోయాడు. నాకు ఒళ్లు మండింది.

"పెట్టు ఈడ! మనిషి ఒక్కపూట రాకుంటే ఆయప్పది నీదైపోతాదా?" అని అరిచాను.

పేజీని మడిచి బిస్కెట్ల డబ్బా కింద పెట్టాను. మంగళవారమూ రాలేదు. మళ్లీ పెట్టాను. నా నోటికి భయపడి దర్జీ ఆ రోజు చెయ్యి కూడా చాపలేదు. బుధవారం టీ అంగడాయన బజ్జీలకు కాగితం చాలక అటు చూస్తే, ఆయన మీదా ఎగిరాను. అన్నీ ఒకేసారి చేతిలో పెడితే పెద్దాయన ఎంత మురిసిపోతాడో చూడాలని నా సంబరం.

శుక్రవారానికి నాకు గుబులు పట్టుకుంది. ఒంట్లో బాగాలేదేమో, గది వెతుక్కుంటూ పోయి ఇచ్చొద్దామని కట్ట బయటికి తీశాను. మంగళవారం పేజీ మడత విచ్చుకుంది. మూలన చిన్న ఫోటో. కళ్లు మూసుకున్న మొహం. బస్టాండు దగ్గర పడిపోయి చనిపోయిన గుర్తుతెలియని వృద్ధుడు, గీతల చొక్కా, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, తెలిసినవారు పెద్దాసుపత్రికి రాగలరు అని రాసి ఉంది.

అయ్యో దేవుడా! ఆ మొహం నాలుగు రోజులుగా మా టీ గ్లాసులకు మూరెడు దూరంలోనే ఉంది. దాని మీద డబ్బా పెట్టింది ఈ చేతులే.

దర్జీని వెంటేసుకుని ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాను. మార్చురీ దగ్గరున్న మనిషి పేజీలోని ఫోటో చూసి తల ఊపాడు.

"ఈయప్పనా? నిన్న సాయంత్రమే పూడ్చేసినారు. మూడు దినాలు పెట్టుకుంటిమి, ఒక్కరన్నా రాలేదు. మీకేమైతాడు?"

"మావాడే" అన్నాను.

"మీవాడైతే ఇన్నిదినాలు యాడుండారప్పా? ఫోటోతో సహా ఏసినారు గదా. మీరు పేపరు సదవరా?"

దర్జీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను చేతిలోని పేజీని మళ్లీ మడిచాను.

"దినామూ సదువుతామప్పా. ఆ పేజీ ఆయనదని, ఆయన వచ్చేదాకా నేనే ఎవర్నీ ముట్టనీలేదు."